పిల్లల చేత రేడియో కట్టించండి

సంపాదకులకు,

వేసవి సెలవుల్లో ఈత, చిత్రలేఖనం, చదరంగం శిబిరాలు నిర్వహించే కడప పెద్దలు వాటితోపాటు హైస్కూలు పిల్లలకు ఒక రేడియో తరగతి కూడా నడిపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా వీధిలోని రేడియో మెకానిక్ ఒకాయన నా చేత క్రిస్టల్ సెట్టు, అంటే బ్యాటరీ లేకుండా పలికే చిన్న రేడియో, కట్టించాడు. అట్టగొట్టం మీద ఎనామిల్ రాగితీగ దగ్గరదగ్గరగా చుట్టి, దానికి స్టేషను పట్టడానికి తిప్పే గ్యాంగ్ కండెన్సరు, తరంగంలోంచి మాటను విడదీసే జెర్మేనియం డయోడు, ఇయర్‌ఫోను కలిపి, ఏరియల్ కోసం మిద్దె మీద పొడవాటి తీగ లాగి, ఎర్తు తీగను బోరింగు గొట్టానికి కట్టాము. మొదటి రోజు అది పలకలేదు. తప్పెక్కడుందో ఆయనకు చూడగానే తెలిసినా చెప్పకుండా, మీటరు నా చేతికిచ్చి వెతుక్కోమన్నాడు. తీగ కొసల మీది ఎనామిల్ గీకకుండానే టంకం పెట్టానని తెలుసుకోవడానికి నాకు సాయంత్రమంతా పట్టింది. బ్లేడుతో గీకి మళ్లీ టంకం పెట్టి గ్యాంగు తిప్పితే, 900 కిలోహెర్ట్జ్ దగ్గర మన కడప ఆకాశవాణి సన్నగా వినిపించింది. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఏరియల్ అందుకున్న తరంగంలోని శక్తే ఆ ఇయర్‌ఫోనును పలికించింది. ఆ సాయంత్రం నేర్చుకున్న వెతుకులాటే నాకు తర్వాత బతుకుతెరువైంది.

రేడియో తరంగాలను పసిగట్టడానికి గెలీనా అనే సీసపు ఖనిజ స్ఫటికాన్ని వాడి జగదీశ్ చంద్ర బోస్ 1904లో అమెరికా పేటెంటు పొందారని మన పిల్లలు చదివితే చదవవచ్చు. కానీ ఇప్పుడు ఆ స్ఫటికానికి బదులుగా అదే పని చేసే డయోడును తిరగేసి మరగేసి చూసినవారు ఎందరు? ఇటీవల నేను చూసిన ఒక పాఠశాలలో ఖరీదైన ఎలక్ట్రానిక్స్ కిట్లు ప్యాకెట్లు విప్పకుండానే బీరువాలో ఉన్నాయి. నేర్పేవారు లేరని చెప్పారు. నేర్పగల పాత మెకానిక్కులు మాత్రం ఊళ్లో ఖాళీగానే ఉన్నారు.

రేడియో వినే సెట్టు కట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆసక్తి ముదిరిన పిల్లలు 12 ఏళ్లు నిండాక హామ్ రేడియో (అభిరుచి కొద్దీ సొంత రేడియోలో మాట్లాడుకోవడం) పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని ఇతరులతో మాట్లాడవచ్చు కూడా.

జిల్లా గ్రంథాలయంలోగానీ, ఏదైనా ప్రభుత్వ పాఠశాలలోగానీ గాలి బాగా ఆడే ఒక గది, ఒక ప్లగ్గు ఇప్పిస్తే చాలు. రెండు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు, ఒక మల్టీమీటరు నేనే తెచ్చి, ప్రతి ఆదివారం ఉదయం ఉచితంగా నేర్పడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రేడియో మెకానిక్, కడప