అది ప్లుటోనియం కాదు, యురేనియం

సంపాదకునికి,

అమెరికా, రష్యా ఆయుధ ల్యాబ్‌ల సహకారంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసానికి సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. వేయలేదు.

‘500 టన్నుల ప్లుటోనియంతో కరెంటు’ అని శీర్షికలోనే కొట్టారు. అది ప్లుటోనియం కాదు, బాంబుల కోసం 90 శాతం దాకా శుద్ధి చేసిన యురేనియం. రష్యా దాన్ని పలచన చేసి అమెరికా విద్యుత్ కేంద్రాలకు ఇంధనంగా అమ్మింది. ఆ ఒప్పందం 1993లో, ఆఖరి సరుకు ఓడ అమెరికా చేరింది 2013 డిసెంబరులో. అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ ఉన్న హైదరాబాద్‌లో అచ్చయ్యే పత్రికకు ఈ రెంటికీ తేడా చెప్పే మనిషే దొరకలేదా?

సహజ యురేనియం కలిపి పలచన చేశారన్నదీ తప్పే. శుద్ధి అంటే యురేనియంలో విచ్ఛిత్తికి పనికొచ్చే 235 రకం వాటా పెంచడం. అందులో 235తో పాటు 234 రకం కూడా పేరుకుంటుంది, సహజ యురేనియంలోనూ అది ఉంటుంది. ఆ రెండూ కలిపితే 234 ఇంధన ప్రమాణం దాటిపోతుంది. అందుకే 234 తక్కువగా ఉండే వ్యర్థ యురేనియాన్ని (శుద్ధి చేయగా మిగిలినదాన్ని) మళ్లీ 1.5 శాతానికి శుద్ధి చేసి కలిపారు. బాంబు లోహాన్ని తురిమి, కాల్చి ఆక్సైడ్ చేసి, ఫ్లోరిన్‌తో హెక్సాఫ్లోరైడ్ వాయువుగా మార్చి, ‘టీ’ ఆకారపు గొట్టం దగ్గర రెండు ధారలూ కలిపేవారు. కిలో బాంబు యురేనియానికి దాదాపు 30 కిలోల ఇంధనం వచ్చేది.

ఈ కలపడాన్ని ‘అమెరికన్లు దగ్గరుండి చూశారు’ అట. ఏం చూస్తారండీ, లోపలున్నది రంగులేని వాయువు! గొట్టం కోయకుండా ఆ ‘టీ’ మూడు చేతులకూ బయటినుంచి మీటర్లు బిగించారు. అమెరికా ల్యాబ్ ఓక్ రిడ్జ్ చేసిన పరికరం, కాలిఫోర్నియం అనే రేడియోధార్మిక మూలకం వెదజల్లే న్యూట్రాన్లతో వాయువులో కొన్ని అణువులను చీల్చి (విచ్ఛిత్తి), ఆ ముక్కలు అవతలి డిటెక్టర్ చేరే సమయాన్ని బట్టి ప్రవాహం లెక్కగట్టేది. మరో అమెరికా ల్యాబ్ లాస్ అలమోస్ పరికరం, 235 నుంచి వెలువడే 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలను బట్టి శుద్ధి శాతం చెప్పేది. గొట్టం గోడకు అంటుకున్న యురేనియం కూడా అదే గామా ఇస్తుంది. దాన్ని తీసేయకపోతే లెక్క తప్పుతుంది. ఈ పరికరాల మొదటి జత 1999లో రష్యాలోని నోవోఉరాల్స్క్ కర్మాగారంలో పెట్టారు. దీనికి మీరిచ్చిన చోటు ఒక్క వాక్యం.

అణు గిడ్డంగుల తాళాలకు మాత్రం అరపేజీ! 1992లో మాస్కో పక్కన పొడోల్స్క్‌లో ఓ ఉద్యోగి కిలోన్నర బాంబు యురేనియం పట్టుకుపోయింది తాళం పగలగొట్టి కాదు. లెక్కల్లో 3 శాతం తరుగు ఒప్పుకునేవారు, దాని చాటున కొద్దికొద్దిగా తీశాడు. కంసాలి తరుగు సంగతి మనకు తెలియనిదా? కావలసింది తూకం, తాళం తర్వాత.

ఇక ఈ సహకారమంతా ‘అమెరికా దానం’ అన్న మాట. 1992 ఫిబ్రవరిలో అప్పటి లాస్ అలమోస్ డైరెక్టర్ హెకర్, రష్యా ఆయుధ ల్యాబ్ ఉన్న సరోవ్ వెళ్లారు, మరుసటి ఏడాదే అక్కడ ఉమ్మడి ప్రయోగాలు. పేలుడుతో అయస్కాంత క్షేత్రాన్ని కుదించే ఆ విద్యలో రష్యన్లే ముందున్నారు. శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్లు నడిపిన అణు పదార్థ భద్రత పనిని 2014 డిసెంబరులో మాస్కో అధికారులు ఒక్క సమావేశంలో చాలించేశారు. దాని గురించి మీ వ్యాసంలో అక్షరం లేదు.

సవరణ వేస్తే ఆ శీర్షిక వేసిన సైజులోనే వేయండి, టెండర్ ప్రకటనల కింద భూతద్దం పెట్టి వెతుక్కునేలా కాదు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్