జమ వైపు కూడా చూపండి

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ చెల్లింపులను ఉచితంగా నడపడం బ్యాంకులకు భారమైపోతోందని, వ్యాపారుల దగ్గర ఎంతో కొంత రుసుము తీసుకోవాలని మళ్లీ మాటలు వినిపిస్తున్నాయి. తెనాలిలో కిరాణా కొట్టు నడిపేవాడిగా నా లెక్క నేను చెబుతాను.

ఒకప్పుడు రెండ్రోజులకోసారి నోట్ల కట్టలు, చిల్లర సంచీ పట్టుకుని బ్యాంకుకు వెళ్లేవాణ్ణి. క్యూలోనే గంట పోయేది. ఆ డబ్బు లెక్కపెట్టడానికి క్యాషియరు, కాపలాకు గార్డు, మోయడానికి వ్యాను కావాలి. ఇప్పుడు నా అమ్మకాల్లో సగానికి పైగా గల్లాపెట్టె ముఖం చూడకుండానే ఖాతాలో పడుతోంది. మరి ఆ ఖర్చు ఎవరికి మిగిలినట్టు? పైగా నాది కరెంట్ ఖాతా, పైసా వడ్డీ రాదు. సరుకుకు కట్టేదాకా నాలుగైదు రోజులు అందులో పడి ఉండే సొమ్ము బ్యాంకుకు దాదాపు ఉచితంగా దొరికినట్టే. ఇలాంటి కొట్లు మా వీధిలోనే పాతిక దాకా ఉన్నాయి. నా రోజువారీ అమ్మకం ఎంతో కూడా బ్యాంకుకు ఇట్టే తెలిసిపోతోంది. అందుకే ‘మీకు లోను సిద్ధంగా ఉంది’ అంటూ యాప్‌లో వారం వారం పలకరింపు. మా బావమరిది కూడా అన్నిసార్లు పలకరించడు.

బ్యాంకుల బాధ ఉత్తదని అనను. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదు. సర్వర్లకూ, మోసాలపై నిఘాకూ ఖర్చు తప్పదు. చిన్న వ్యాపారులకు వచ్చే 2,000 రూపాయల లోపు చెల్లింపులపై 0.15 శాతం ప్రోత్సాహకం బ్యాంకులకు ఇవ్వడానికి 2024-25లో కేంద్రం అనుకున్నది సుమారు 1,500 కోట్ల రూపాయలు. యూపీఐలో లావాదేవీల సంఖ్యే నెలకు వెయ్యి కోట్లు దాటుతోంది. ఆ డబ్బు ఏ మూలకన్నది న్యాయమైన ప్రశ్నే. పేరేమో ఫోన్‌పే, గూగుల్ పేలది, వెనక డబ్బు కదిపేది బ్యాంకులు.

అయినా ఖర్చు కాగితం ఒక్కటే చూపించి రుసుము అడిగితే ఎలా? మొబైల్ బ్యాంకింగ్‌కు ఎంత అయింది, కౌంటర్ల దగ్గర, నగదు మోతలో ఎంత తగ్గింది, వడ్డీ లేని నిల్వలు ఎంత పెరిగాయి? వార్షిక నివేదికల్లో ఇవన్నీ విడివిడిగా చూపాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించాలి. అప్పటికీ రుసుము తప్పదని తేలితే పెద్ద మాల్‌లతో మొదలుపెట్టండి. కిలో పంచదార మీద నాకు మిగిలేది రూపాయో, రెండో.

– ఒక కిరాణా వ్యాపారి, తెనాలి