మీ టీమ్‌లో ఆ పెద్దాయన గురించి

బిడ్డా,

ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కొత్తగా టీమ్ లీడ్ అయ్యావు. నీ కింద పనిచేసేవాళ్ళలో ఒకాయనకు యాభై దాటాయి, మీ నాన్న కంటే నాలుగైదేళ్ళే చిన్న. "ఆయనకు పని చెప్పాలంటే నోరు రావట్లేదమ్మా, ఆయన చెయ్యాల్సినవి కొన్ని రాత్రిపూట నేనే చేసేస్తున్నా" అన్నావు. నీ మనసు నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, అది మానెయ్యి. ఆయన పని ఆయనకే ఇవ్వు.

ఈ మాట నేను ఆయన వైపు కూర్చుని చెబుతున్నాను. మా బ్యాంకు బ్రాంచి మేనేజర్ నీకంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతే. ట్యాబ్‌తో ఖాతాలు తెరిచే పద్ధతి వచ్చినప్పుడు ట్రైనింగ్‌కు ఇద్దరు చిన్నవాళ్ళ పేర్లు పంపాడు. "మేడమ్‌ను ఎందుకు ఇబ్బంది పెట్టడం" అన్నాడు. అభిమానంతోనే అన్నాడు. కానీ ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, నా పేరు కూడా రాయమని అడిగాను. రాశాడు. ఇప్పుడు సుల్తాన్ బజార్‌లో తోపుడుబండ్ల వాళ్ళ దగ్గరికి ఆ ట్యాబ్ పట్టుకుని వెళ్ళేది ఎక్కువగా నేనే.

ఆఫీసులో వయసు పైబడుతోందని మనకు అద్దం చెప్పదు. కొత్త పని రాగానే చెప్పేవాళ్ళ చూపు మనల్ని దాటి పక్క కుర్చీ మీదికి వెళ్తుంది. మీటింగ్‌లో అందరినీ అడిగి, మన దగ్గరికొచ్చేసరికి "మీకు తెలియనిదేముంది" అని ముందుకెళ్ళిపోతారు. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనరు. అందుకే ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియదు.

మా బ్యాంకుల్లో ఈ ఎడం ఎలా వచ్చిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను 1990లో బీఎస్ఆర్బీ, అంటే అప్పట్లో బ్యాంకు ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే బోర్డు, పెట్టిన పరీక్ష రాసి చేరాను. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, కొత్తవాళ్ళను తీసుకోవడం బాగా తగ్గింది. 2000-01లో ప్రభుత్వ బ్యాంకులు వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ, ప్రకటిస్తే లక్ష మందికి పైగా వెళ్ళిపోయారు. బీఎస్ఆర్బీలనూ ఎత్తేశారు. 2011లో ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు ఐబీపీఎస్ అనే సంస్థ ఉమ్మడి పరీక్ష మొదలుపెట్టాక మళ్ళీ పిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చారు. దాంతో మా బ్రాంచిలో యాభై దాటిన మేమున్నాం, ముప్పై చుట్టూ ఉన్న వాళ్ళున్నారు, నలభైలలో ఉన్నవాళ్ళు దాదాపు లేరు. మధ్య మెట్లు ఊడిపోయిన నిచ్చెన లాంటిది. మా మాట వాళ్ళకు, వాళ్ళ మాట మాకు చేరవేసే వయసు వాళ్ళు లేకపోవడం వల్ల ఒకరికొకరం చాలాకాలం కొత్తగానే ఉండిపోయాం.

మీ రంగంలో కారణం వేరు. మన హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరిచింది 1998 నవంబరులో. ఆ రోజుల్లో ఇరవై రెండేళ్ళకు ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఇప్పుడిప్పుడే యాభై వస్తున్నాయి. అంటే సాఫ్ట్‌వేర్‌లో జుట్టు నెరిసిన మనిషి పక్కన కూర్చుని పనిచేయడం ఈ ఊరికే కొత్త. నాకు అరవైకి రిటైర్మెంట్ అని తెలుసు, పేరు సీనియారిటీ లిస్టులో ఉంటుంది, రేపటికి ఢోకా లేదు. ఆయనకు అలాంటి కాగితం ఏదీ లేదు. లేఆఫ్ అన్న మాట వినపడినప్పుడల్లా ఆయన ముందు తన వయసు, తర్వాత తన జీతం లెక్కపెట్టుకుంటాడు. అలాంటి మనిషి "ఇది నాకు రాదు, నేర్పండి" అని నోరు తెరిచి అడగడం ఎంత కష్టమో ఆలోచించు. నువ్వు ఆయన పని చేసిపెట్టిన ప్రతిసారీ ఆయన టెన్షన్ పెరుగుతుందే తప్ప తగ్గదు. రేపు అప్రైజల్‌లో ఆయన పేరు పక్కన చూపించడానికి ఏం మిగులుతుంది?

మా మేనేజర్ నన్ను నిజంగా గౌరవించిన రోజు ఏదో చెప్పనా? నాతో గట్టిగా వాదించిన రోజు.

బేగంబజార్‌లో స్టీలు గిన్నెల హోల్‌సేల్ షాపు ఒకటి, క్యాష్ క్రెడిట్ లిమిట్, అంటే వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి, రెన్యువల్‌కు వచ్చింది. ఖాతాలో రెండు నెలలుగా జమలు బాగా పడిపోయాయి. "మేడమ్, లిమిట్ తగ్గిద్దాం" అన్నాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, గిన్నెలు ఎవరు కొంటారు, శ్రావణం రానీ అన్నాను. "అది మీ నమ్మకం, ఫైల్లో ఏమని రాయను?" అన్నాడు. అవును మరి, నా అనుభవాన్ని ఆడిట్‌కు వచ్చినవాళ్ళు ఒప్పుకోరు కదా. సాయంత్రం బ్రాంచి మూసేదాకా వాదించుకున్నాం. చివరికి అతనే మూడేళ్ళ జీఎస్టీ రిటర్నులు తెప్పించి నెలవారీగా పరిచాడు. ఏటా అదే కాలంలో అమ్మకాలు తగ్గి, శ్రావణంలో లేస్తున్నాయి. ఆ కాగితాల్లో ఎక్కడ వెతకాలో నేను చెప్పాను, నేను చెప్పినదాన్ని నలుగురి ముందు నిలబెట్టింది అతను. ఇప్పుడు బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ ఫైలు ఏది వచ్చినా సంతకం పెట్టేముందు కుర్చీ లాక్కుని నా టేబుల్ దగ్గరికొస్తాడు. ఆ రోజు "పెద్దావిడ, ఎందుకులే" అని తలూపి వెళ్ళిపోయి ఉంటే నేను కూడా ఆ తర్వాత ఏ ఫైలు గురించీ నోరు విప్పేదాన్ని కాదేమో.

ఇలా చిన్నా పెద్దా కలిసి పనిచేస్తాం కాబట్టే నవంబరు కూడా నాకు ఇష్టం. పెన్షనర్లు తాము బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ల కోసం వస్తారు. వయసు మళ్ళినవాళ్ళకు వేలిముద్రలు అరిగిపోతాయి, మిషన్ తీసుకోదు. బిహార్ నుంచి వచ్చిన మా ప్రొబేషనరీ ఆఫీసర్ కుర్రాడు ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ చేయడం అందరికంటే ముందు నేర్చుకున్నాడు. కానీ ముసలివాళ్ళు ఫోన్ వైపు చూడరు, అతని వైపు చూసి మాట్లాడుతుంటారు. నేను పక్కన నిలబడి పెద్దమ్మా ఇటు చూడు, కళ్ళు ఒక్కసారి మూసి తెరువు అని చెబుతుంటే అతను పని ముగిస్తాడు. పాతబస్తీ నుంచి వచ్చినవాళ్ళతో అయితే అతనే నాకంటే బాగా కలిసిపోతాడు, వాళ్ళ ఉర్దూ, అతని హిందీ కలిసి నవ్వులు వినపడుతుంటాయి. మధ్యాహ్నానికి ఇద్దరికీ గొంతు పోతుంది.

2016 నోట్ల రద్దు రోజులూ అంతే. అప్పటిదాకా పేర్లు కూడా సరిగ్గా తెలియని పిల్లలు, క్యాష్ కౌంటర్ వెనక మాతో పాటు రాత్రిదాకా నిలబడి లెక్కపెట్టారు. మా హెడ్ క్యాషియర్ నకిలీ నోటు వేళ్ళకు ఎలా తగులుతుందో వాళ్ళ చేతులు పట్టుకుని చూపించారు. మనుషులు దగ్గరయ్యేది పనిలోనే, బిడ్డా. మీ కంపెనీవాళ్ళు పెట్టే టీమ్ లంచ్‌లు వద్దనను, కానీ వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు.

కాబట్టి సోమవారం ఆయనతో విడిగా కూర్చో. అందరి ముందు వద్దు. పేరు పక్కన గారు పెట్టి మాట్లాడు, పని మాత్రం పనిలాగే చెప్పు. ఈ మాడ్యూల్ మీది, ఫలానా తేదీకి కావాలి, ఎక్కడైనా ఆగితే రెండు రోజుల ముందే చెప్పండి అను. ఆలస్యమైతే ఆలస్యమైందని మొహం మీదే అను. ఆయనకు కొత్త టూల్స్ రాకపోతే నీ టీమ్‌లో ఓపికున్న పిల్లను చూసి జత చెయ్యి, ఎక్కువ తెలిసినవాడిని కాదు, ఓపికున్నవాళ్ళని. అలాగే ఆయన్ను నిజంగా అవసరమైన ప్రశ్న ఒకటి అడుగు. ఆ పాత సిస్టమ్‌ను అలా ఎందుకు కట్టారో మీ టీమ్‌లో ఎవరికీ తెలియదని అన్నావు కదా, ఆయనకు తెలిసి ఉండొచ్చు. మర్యాదకు అడిగే ప్రశ్న వద్దు, మాకు వెంటనే తెలిసిపోతుంది.

ఇంత చేసినా ఆయన "మా రోజుల్లో ఇలా కాదు" అంటూ పని తప్పించుకునే మనిషైతే, అదీ ఉంటుంది, అలాంటివాళ్ళు మా దగ్గరా ఉన్నారు. అప్పుడు వయసు చూసి వెనకాడకు. మిగతా నలుగురి మీద ఆ బరువు వేసే హక్కు నీకు లేదు. కానీ ముందు ఆయనకు పని ఇచ్చి చూడాలి. ఇప్పటిదాకా నువ్వు ఇవ్వలేదు.

రాత్రిళ్ళు ఆయన పని నువ్వు చేస్తూ ఎప్పుడు పడుకుంటున్నావో కూడా నాకు చెప్పలేదు. సోమవారం ఆయన ఏమన్నాడో ఫోన్ చేసి చెప్పు. తొమ్మిది దాటాక చెయ్యి, నెలాఖరు కదా, బ్రాంచి నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

అమ్మ