లైటూ తుపాకీ కలిసి దొరికితే నేరమే కావాలి

సంపాదకుడికి,

రాత్రి వేటకు తుపాకీ కన్నా ముందు కావలసింది లైటు. జింక కంట్లో రెటీనా వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. మసక చీకట్లో చూపునిచ్చే ఆ పొరే, సెర్చిలైటు పడగానే జింకను పట్టిస్తుంది. కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. లైటు వెనక ఏముందో కనపడక అది చాలాసార్లు ఉన్నచోటే నిలబడిపోతుంది. కాల్చేవాడికి కనిపించేవీ ఆ కళ్లే, ఒళ్లు కాదు. అది చూడి జింకో, దారితప్పిన ఆవుదూడో (దాని కళ్లూ అలాగే మెరుస్తాయి), ఆ వెనక పొలం కాపలాకు పడుకున్న మనిషెవరైనా ఉన్నారో వాడికేం తెలుస్తుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 17వ సెక్షన్ ఉండేది. కృత్రిమ కాంతితో వేట, బండి మీంచి వేట, రాత్రి వేట... ఒక్కోదాన్నీ పేరుపెట్టి కట్టడి చేసింది. 1991 సవరణతో లైసెన్సు వేట పోయింది, ఆ సెక్షనూ పోయింది. వేటే నేరమైనప్పుడు పద్ధతుల గొడవ దేనికనుకుని ఉంటారు. కాగితం మీద సబబే. వేటకు ప్రయత్నించినా చట్టం దృష్టిలో వేటే. కానీ అర్ధరాత్రి అడవి అంచున జీపు ఆపితే, దారి చూసుకుంటున్నామంటారు. కళేబరం దొరక్కుండా ఆ ప్రయత్నాన్ని రుజువు చేయడం తేలిక కాదు. దొరికేసరికి జంతువు ఎలాగూ పోయింది.

అమెరికాలో పలు రాష్ట్రాలు ఈ చిక్కును సూటిగా తెంచాయి. ఆయుధం దగ్గరుంచుకుని జంతువుల మీద లైటు వేస్తే చాలు, తూటా పేలకపోయినా నేరమే. మన చట్టంలో అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్లకూడదని 31వ సెక్షన్ అంటోంది. ఆయుధమంటే తుపాకీ ఒక్కటే కాదు, వల, ఉచ్చు, విషం కూడా అని నిర్వచనం రాశారు. లైటు పేరు మాత్రం అందులో లేదు. పైగా ఈ వేట అభయారణ్యం గీతకు బయట కూడా సాగుతుంది. కాబట్టి అడవి పక్కన ఎక్కడైనా సరే, బండిలోంచి లైటు వేస్తూ ఆయుధంతో పట్టుబడితే అదే నేరమని చట్టంలో చేర్చాలి. పంట కాపలాకు టార్చి పట్టుకెళ్లే రైతు జోలికి మాత్రం పోకూడదు.

పంట పాడుచేసే అడవిపందులను కాల్చేందుకు 11వ సెక్షన్ కింద ఇచ్చే అనుమతి పత్రాల్లోనూ స్పష్టత ఉండాలి. ఎవరు కాల్చాలి, ఏ పొలంలో, ఎన్ని గంటల వరకు, లైటు వాడొచ్చా లేదా అన్నవి ముందే రాసి ఇవ్వాలి.

— ఒక పాఠకుడు