మా అంబాసిడర్ తలుపు బాగుచేసిన పర్లాకిమిడి వాళ్ళకి

పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడి దగ్గర ఆ రోజు తాడు ఇచ్చిన ఆటో అన్నకి, బెల్టు ముక్క కోసిచ్చిన రైసుమిల్లు ఫిట్టరు మావయ్య గారికి, మూడు గంటలు కింద కూర్చుని తలుపుని ఆపే పట్టీ బిగించిన టింకరింగ్ మేస్త్రి గారికి చేతులెత్తి దండం పెడుతున్నాను. ముగ్గురూ పేర్లు రాయొద్దన్నారు. రాయను. కానీ వాళ్ళు చేసింది రాయకుండా ఉండలేను.

మాది 1974 నాటి మార్క్ 2 అంబాసిడర్. నాన్నగారి బండి. ఆయన పోయాక కూడా అమ్మ ఆ కారే ఎక్కుతుంది, సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళకి సుఖం. దిగేటప్పుడు తలుపు పట్టుకుని లేస్తుంది. ఎప్పుడో రంగు వేయించినప్పుడు ఎడమ ముందు తలుపుని ఆపే ముక్క తీసి, తిరిగి పెట్టలేదు. తలుపు మామూలుగానే తెరుచుకుంటోంది కదా అని నేను పట్టించుకోలేదు. తప్పు నాదే.

ఆ రోజు గుడి దగ్గర వానకు ముందు గాలి లేచింది. అమ్మ ఇంకా హ్యాండిల్ పట్టుకునే ఉంది. తలుపు విసురుగా ముందుకి పోయి మడ్‌గార్డ్‌కి కొట్టుకుంది, పై మడత బందు వంగింది, అమ్మ ఆ ఊపుకి మోకాలి మీద పడిపోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆటో అన్న పరుగున వచ్చి అమ్మని లేపి కూర్చోబెట్టారు, మంచినీళ్ళు పట్టారు, తన తాడుతో తలుపు కట్టి, పర్లాకిమిడిలో మా ఇంటి దాకా వెనకాలే వచ్చారు. కిరాయి తీసుకోలేదు.

బందు సరిచేశాక, తలుపుని ఆపడానికి గొలుసు పెట్టేద్దామన్నాను నేను. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. గొలుసు ఒక్కసారిగా పట్టేస్తుంది, ఆ దెబ్బకి రేకు చిరుగుతుంది అన్నారు. నన్ను కూర్చోబెట్టి టేపు చూపించారు: తలుపు పొడవు 90 సెంటీమీటర్లు, పట్టీ బిగించే చోటు బందు నుంచి 7.5 సెంటీమీటర్లు. అంటే అంచు దగ్గర 5 కిలోల బలంతో లాగితే పట్టీ మీద కనీసం 60 కిలోలు పడుతుంది. ఇన్నేళ్ళు కారు నడిపాను, ఈ లెక్క నాకు తట్టనే లేదు.

అప్పుడు ఫిట్టరు మావయ్య గారు మిల్లులో పాత బెల్టు తెచ్చారు. బట్ట పొరల మీద రబ్బరు ఉన్నది. సాగిపోదు, అలాగని గొలుసులా బిగుసుకుపోదు. పగుళ్ళు లేని చోటు వెతికి, వెలుగుకి ఎదురుగా వంచి చూసి, సుద్దముక్కతో గీసి కోశారు. రెండు బోల్టుల మధ్య 8 సెంటీమీటర్లు. ఒక్క సెంటీమీటరు ఎక్కువైతే తలుపు అంచు కనీసం 12 సెంటీమీటర్లు ఎక్కువ పోతుందట, అందుకని మేస్త్రి గారు కంగారు పడకుండా అమ్మనే పిలిచి కూర్చోబెట్టారు. తలుపు ఎక్కడ ఆగితే చెయ్యి అందుతుందో చూసి అక్కడ గుర్తు పెట్టారు. ఈ ముసలావిడ కోసం ఆయన ఆ ఒక్క గుర్తుకే అరగంట ఖర్చు పెట్టారు.

పట్టీని రెండు బందులకీ సరిగ్గా మధ్యలో పెట్టారు, లేకపోతే తలుపు మెలితిరుగుతుందట. రెండు వైపులా రేకు వెనక ఇనుప పలక ముక్కలు వేసి, అదురుకి ఊడకుండా లోపల నైలాన్ రింగున్న నట్లు బిగించారు. తలుపు మూసినప్పుడు బెల్టు లోపలికి మడత పడాలి, తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌లో నలగకూడదు. మూడుసార్లు విప్పి మళ్ళీ కట్టారు. నాలుగోసారి తలుపు తోస్తే 'టప్' మని మెత్తగా ఆగింది. మేస్త్రి గారు "హెలా!" (ఒడియాలో 'అయిపోయింది') అని నవ్వారు. అమ్మ లేచి నిలబడి ఆ తలుపుని చేత్తో నిమిరింది.

ఎంతివ్వమంటారంటే నట్లూ బోల్టుల డబ్బులే తీసుకున్నారు. ఫిట్టరు మావయ్య గారైతే టీ కూడా తాగకుండా మిల్లుకి వెళ్ళిపోయారు.

ఆటో అన్నా, మీ తాడు ఉతికి ఆరేసి ఉంచాను. మేస్త్రి గారూ, ఆదివారం వెనక తలుపుల పనికి వస్తానన్నారు, అమ్మ మీ ముగ్గురికీ భోజనం వండుతానంటోంది. మావయ్య గారూ, ఈసారి తినకుండా పంపదట.