డిఫెండర్‌ని తీసేసే పిచ్చి

ఒరేయ్ సత్తీ,

నీ ఉత్తరం అందింది. ఒక్క గోలు వెనకబడగానే మీ ఫుట్‌బాల్ కోచ్ డిఫెండర్‌ని తీసి ఫార్వర్డ్‌ని దింపుతున్నాడనీ, వెంటనే ఇంకో గోలు తినేస్తున్నారనీ, ఇది పిచ్చి కాదా అనీ అడిగావు. ముందు చెయ్యాల్సిన పని చెయ్యకపోతే పిచ్చేరా. చేస్తే మాత్రం అదో విద్య. ఆ విద్యతోనే దేశదేశాలు తిరిగి పేరు తెచ్చుకున్న కోచ్ ఒకడున్నాడు, హూస్ హిడ్డింక్. స్పెల్లింగ్ చూసి గస్ అంటారు చాలామంది. డచ్చిలో ఆ గ గొంతులోంచి గీరుకుంటూ వస్తుంది, మనం హ అనేస్తే సరిపోతుంది. మీ బందరులో వలందపాలెం ఉందే, ఆ వలందుల దేశం వాడే.

1946లో వార్సెవెల్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. ఆడింది మిడ్‌ఫీల్డ్‌లో, ఎక్కువ కాలం డూటించెమ్‌లోని డి గ్రాఫ్‌స్కాప్ క్లబ్బుకి. 1970లో పీఎస్‌వీ అనే పెద్ద క్లబ్బు తీసుకుంది గానీ రెండేళ్లకే పాత గూటికి వచ్చేశాడు. 1973లో ఆ క్లబ్బు పై డివిజన్‌కి ఎక్కింది. తర్వాత నైమేఖెన్‌లో ఎన్‌ఈసీ క్లబ్బు, మధ్యలో అమెరికాలో వాషింగ్టన్, సాన్ హోసే క్లబ్బులు. డచ్చి మేటి ఆటగాడు క్రైఫ్ ఇతనికంటే ఓ ఆర్నెల్లు చిన్న. ఆ తరంలో నెదర్లాండ్స్ జట్టులో చోటంటే మాటలా, ఒక్కసారి కూడా ఆ చొక్కా వెయ్యలేదు. ఆడుతూనే బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు, అదీ చెప్పిన మాట వినని పిల్లల దగ్గర. తర్వాత పనికొచ్చిన చదువు అదేనని నా అనుమానం.

కోచ్‌గా మొదటి పెద్ద గెలుపు 1988లో, పీఎస్‌వీతో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ, యూరోపియన్ కప్పు. అందులో తమాషా చూడు: క్వార్టర్ ఫైనల్ నుంచి ఆడిన అయిదు మ్యాచుల్లో ఒక్కటీ గెలవలేదు. బోర్డోతో రెండూ, రియల్ మాడ్రిడ్‌తో రెండూ డ్రా. స్కోరు సమమైతే ఎదుటివాళ్ల మైదానంలో ఎక్కువ గోలులు కొట్టినవాళ్లదే గెలుపన్న అప్పటి లెక్కలో గట్టెక్కారు. ఫైనల్లో బెన్ఫికాతో 0-0, పెనాల్టీల్లో 6-5. అందుకే ఇతన్ని ఎప్పుడూ దాడి మనిషి అనుకోకు. చేతిలో ఏ సరుకుందో చూసి వంట చేసే రకం.

ఇక 2001 జనవరిలో దక్షిణ కొరియా జట్టుకి కోచ్ అయ్యాడు. అప్పటిదాకా ఆ దేశం అయిదు ప్రపంచకప్పుల్లో 14 మ్యాచులు ఆడి ఒక్కటీ గెలవలేదు. అక్కడ అందరి మాటా ఒకటే: మనవాళ్లకి ఒంట్లో దమ్ముంది, కాలి పనితనమే తక్కువ. హిడ్డింక్ చూసి తిరగేసి చెప్పాడు: పనితనం ఫర్వాలేదు, దమ్మే చాలదు. 90 నిమిషాలూ పరిగెత్తడం వేరు, ఉరికి ఆగి క్షణాల్లో ఊపిరి కూడగట్టుకుని మళ్లీ ఉరకడం వేరు. రేమండ్ వెర్హేయెన్ అనే ఫిట్‌నెస్ కోచ్‌ని పిలిపించి, 20 మీటర్ల షటిల్ రన్‌తో వాళ్లని కొలిచేవాడు. రెండు గీతలు గీస్తారు, బీప్ మోగేలోపు అవతలి గీత తొక్కాలి, పోనుపోను బీప్‌ల మధ్య వ్యవధి తగ్గుతుంది. మీ మైదానంలో సున్నం గీతలతో కూడా చెయ్యొచ్చు. కాకపోతే చాలామంది చేసే తప్పొకటుంది. మ్యాచుకి రెండు రోజుల ముందు పెట్టి పిల్లల్ని చంపుతారు. కొరియాకి నెలల సమయం దొరికింది, ఎందుకంటే లీగ్ క్లబ్బులు ఆటగాళ్లని వదిలిపెట్టాయి. ఆ సౌకర్యం ఇంకే దేశం కోచ్‌కీ ఉండదు. హిడ్డింక్ మాయ గురించి రాసేవాళ్లు ఆ ముక్క చప్పరించి వదిలేస్తారు.

ఫలితం వెంటనే రాలేదు. 2001లో ఫ్రాన్స్ చేతిలో 0-5, చెక్ రిపబ్లిక్ చేతిలో 0-5. పత్రికలు ఆయనకి "అయిదు-సున్నా" అని పేరు పెట్టేశాయి. ఆయన పద్ధతి మార్చలేదు. 2002 మే వచ్చేసరికి స్కాట్లండ్‌పై 4-1, ఇంగ్లండ్‌తో 1-1, అప్పటి చాంపియన్ ఫ్రాన్స్‌తో 2-3. దమ్ము పండింది.

ఇంకో సంగతి నీకు బాగా అర్థమవుతుంది. కొరియా భాషలోనూ మనకి లాగే పెద్దవాళ్లతో మాట్లాడే తీరు వేరు. మైదానంలో కుర్రాడు సీనియర్‌ని పేరు పెట్టి పిలవలేడు, "అన్నగారూ, ఇటు ఇస్తారా" అన్నంత మర్యాదగా అడగాలి. ఈలోపు బంతి పోతుంది. పైగా గోలు ముందర ఖాళీగా ఉన్నా అన్నకే పాస్ ఇస్తాడు. హిడ్డింక్ మైదానంలో పేర్లే పిలవమన్నాడు. కెప్టెన్ హాంగ్ మ్యుంగ్-బో కుర్రాళ్లకి ఉత్త "మ్యుంగ్-బో" అయ్యాడు. భోజనాల దగ్గర సీనియర్లూ జూనియర్లూ వేరువేరు బల్లల మీద కూర్చునే అలవాటూ మాన్పించాడు. మీ జట్టులో "అన్నా, అన్నా" అని అరిచే గొడవ ఎంత ఉందో ఒక్క మ్యాచు విని చూడు.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తా. 2002 జూన్ 18, కొరియాలోని డేజాన్, ప్రపంచకప్పులో ఇటలీతో ప్రీ క్వార్టర్స్. మొదట్లోనే కొరియా ఆటగాడు ఆన్ జుంగ్-హ్వాన్ పెనాల్టీ పోగొట్టాడు, 18వ నిమిషంలో ఇటలీ ఫార్వర్డ్ వియేరి తలతో గోలు కొట్టాడు. 61వ నిమిషంలో ఇటలీ కోచ్ ట్రపట్టోని ఆధిక్యం కాపాడుకుందామని డెల్ పియెరోని తీసి గట్టూసోని దింపాడు. అక్కడే లెక్క మారింది. ముందు ముగ్గురు దాడిచేసేవాళ్లు, ఇప్పుడు టోట్టీ, వియేరి ఇద్దరే. కొరియా వెనక ముగ్గురు స్టాపర్లు, అంటే గోలు ముందు నడిమధ్య నిలిచే డిఫెండర్లు, దేనికి? రెండే నిమిషాల్లో, ముక్కు విరిగిన డిఫెండర్ కిమ్ టే-యంగ్ బయటికి, ఫార్వర్డ్ హ్వాంగ్ సన్-హాంగ్ లోపలికి. 68లో అడ్డుకట్టలా నిలిచే మిడ్‌ఫీల్డర్ కిమ్ నామ్-ఇల్ బయటికి, ఫార్వర్డ్ లీ చున్-సూ లోపలికి. 83లో సాక్షాత్తూ కెప్టెన్ హాంగ్ బయటికి, ఫార్వర్డ్ చా డూ-రీ లోపలికి.

మరి వెనక ఎవరు? మిడ్‌ఫీల్డ్ నుంచి యూ సాంగ్-చుల్ వెనక్కి జారాడు. రెండు చోట్లా ఆడగలడు. కీలకం అదిరా. డిఫెండర్ బయటికెళ్లాడు గానీ డిఫెన్స్ వెళ్లలేదు. మీ కోచ్ స్టాపర్‌ని తీసినప్పుడు ఆ చోటుకి ఎవరు జారాలో ముందే చెప్పాడా? చెప్పకపోతే గోలు తినక ఏం చేస్తారు? పైగా ఎదుటివాళ్ల ఫార్వర్డ్‌లు తగ్గకుండానే తీస్తే ఉన్న కంచె మనమే పీకేసుకున్నట్టు.

88వ నిమిషంలో ఇటలీ డిఫెండర్ పనూచ్చి బంతిని సరిగా తొలగించలేక తడబడ్డాడు, సియోల్ కి-హ్యోన్ సమం చేశాడు. 117లో ఆన్ తలతో గోల్డెన్ గోల్, అంటే ఎక్స్‌ట్రా టైమ్‌లో పడగానే ఆట ముగించేసే గోలు, అప్పటి నియమం అది. ఎక్స్‌ట్రా టైమ్‌లో టోట్టీకి రెడ్ కార్డు, తొమ్మాసి గోలుని ఆఫ్‌సైడ్ అనడం, వీటి మీద ఇటలీవాళ్లు ఇప్పటికీ మండిపడతారు. వాళ్ల కోపంలో న్యాయం లేదనను. తర్వాత గ్వాంగ్జులో స్పెయిన్‌తో 0-0, పెనాల్టీల్లో 5-3. అక్కడా రిఫరీ గొడవే. సెమీస్‌లో బల్లాక్ గోలుతో జర్మనీ ఆపింది. కొరియా ఆయనకి గౌరవ పౌరసత్వం ఇచ్చింది, గ్వాంగ్జు స్టేడియానికి ఆయన పేరు పెట్టింది.

మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ దీనికి అద్దంలా మరోటి చేశాడు, అదీ ఇదే కొరియా మీద. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో, తలకి దెబ్బతగిలి ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడించాడు. అతను గోలు కొట్టాడు, 2-1తో స్వర్ణం మనది. రహీం సాబ్ కూడా బడిపంతులేనన్నది ఊరికే గుర్తొచ్చింది.

కొరియా తర్వాత ఆస్ట్రేలియా. 2005 నవంబర్, సిడ్నీ, ప్రపంచకప్పులో చోటు కోసం ఉరుగ్వేతో రెండు మ్యాచుల ప్లేఆఫ్. మొదటి మ్యాచు 0-1తో ఓడి వచ్చారు. 31వ నిమిషంలోనే పసుపు కార్డు తిన్న డిఫెండర్ పోపోవిచ్‌ని తీసి క్యూవెల్‌ని దింపాడు. కాసేపటికే బ్రెషియానో గోలు, చివరికి పెనాల్టీల్లో 4-2. మరుసటి ఏడాది ప్రపంచకప్పులో, జర్మనీలోని కైజర్స్‌లాటర్న్‌లో జపాన్‌తో 0-1 వెనకబడి, కేహిల్, కెనడీ, అలోయిసీలని ఒకరి తర్వాత ఒకరిని దింపాడు. కెనడీ వచ్చింది డిఫెండర్ మూర్ స్థానంలో. 84, 89, 92 నిమిషాల్లో మూడు గోలులు, 3-1.

అదే మనిషి రెండు వారాలకి ఇటలీతో ఏం చేశాడో కూడా విను. 50వ నిమిషంలో మటెరాజ్జికి రెడ్ కార్డు. ఎదుట పదిమందే, స్కోరు 0-0. 81వ నిమిషం దాకా ఎవర్నీ మార్చలేదు, ఆ తర్వాతా అలోయిసీ ఒక్కడినే దింపాడు. మిగిలిన రెండు మార్పులూ ఎక్స్‌ట్రా టైమ్‌కి దాచుకున్నాడు. ఎక్స్‌ట్రా టైమ్ రాలేదు. 95వ నిమిషంలో గ్రోస్సో పడ్డాడు, పెనాల్టీ, టోట్టీ కొట్టాడు, ఆట అయిపోయింది. ఆయన చేసిన పెద్ద తప్పు అదేనంటాను, 2014-15లో సొంత దేశం జట్టుతో తడబడిన దానికన్నా.

వచ్చే మ్యాచులో మీ కోచ్ డిఫెండర్‌ని తీసినప్పుడు రెండు చూసి రాయి: ఆ క్షణాన అవతలివాళ్ల ముందు ఎంతమందున్నారు, మనవాళ్లలో ఎవడు వెనక్కి జారాడు.

నీ
రాము