పది తర్వాత దారి చెప్పేదెవరు?

సంపాదకులకు,

పదో తరగతి ఫలితాలు రాగానే పల్లె ఇళ్ల తలుపు ముందుగా తట్టేది ప్రైవేటు కళాశాలల పీఆర్వోలే. వారి రంగుల కరపత్రంలో ఎంపీసీ, బైపీసీ తప్ప మరో దారి కనిపించదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా పూర్తిచేస్తే, డిప్లొమా చదివినవారికి పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ ద్వారా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చని, బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి ప్రతిభ ఆధారంగానే ఆరేళ్ల సమీకృత కోర్సులో ప్రవేశం దొరుకుతుందని కూలికి వెళ్లే తల్లిదండ్రులకు చెప్పేవారు అరుదు. పాలిసెట్ దరఖాస్తులు సాధారణంగా ఫలితాలకు ముందే మొదలవుతాయి కనుక, వేసవిలో పెట్టే అవగాహన సదస్సు ఫొటోలకే పనికొస్తుంది. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయునికి ఈ బాధ్యత అప్పగించి, బోధనేతర పనుల నుంచి మినహాయించి, సంక్రాంతి సెలవులు ముగియగానే, కూలి పోకుండా సాయంత్రం వేళ తల్లిదండ్రులతో సమావేశం జరిపించాలని విద్యాశాఖను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వికారాబాద్ జిల్లా